తక్‌పట్టీ రాసే తెరకు జీటీకే 4 పనికొస్తుందా: 4.10 నుంచి 4.20 దాకా

సూర్యాపేట యార్డులోనో బాదేపల్లి యార్డులోనో ఒక అడ్తి దుకాణంలో నడిచే ప్రోగ్రాం చూడటానికి చిన్నదే. రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, కాంటా తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కోతలు, చివర రైతు చేతికొచ్చే మొత్తం. ఇవన్నీ ఒక పట్టికలో ఎక్కాలి, తక్‌పట్టీ, అంటే రైతు చేతికిచ్చే అమ్మకం లెక్క చీటీ, అచ్చు కావాలి. కష్టం ఎక్కడంటే, ఇదంతా తెలుగులో సరిగ్గా కనపడాలి, మౌసు ముట్టకుండా టైపు చేయగలగాలి, సీజనులో వరసగా వందల పట్టీలు పోతున్నా తెర ఆగకూడదు. పైగా అక్కడ ఉండేది 1366 బై 768 మానిటర్, పాత ప్రాసెసర్. ప్రోగ్రాంల విండోలు, బొత్తాలు, పట్టికలు గీసే టూల్‌కిట్ జీటీకే 4 ఈ పనికి ఎంతవరకు సరిపోతుందన్నదే ఈ సమీక్ష.

జీటీకే ముందు గింప్ అనే బొమ్మల ఎడిటర్ కోసం పుట్టింది. పేరులోని మొదటి అక్షరం అదే. నాలుగో తరం 2020 డిసెంబరులో వచ్చింది. మొదటి రెండు మూడేళ్లలో దాన్ని పట్టికలు నిండిన ప్రోగ్రాంలకు వాడమని చెప్పడం కష్టంగా ఉండేది. మార్పంతా 2023 మార్చిలో వచ్చిన 4.10తో మొదలై, ఆ ఆగస్టులో 4.12, 2024లో 4.14, 4.16, 2025లో 4.18, 4.20గా సాగింది. వెర్షన్లో రెండో అంకె సరిసంఖ్య అయితేనే వాడకానికి తగిన విడుదల. 4.19 లాంటి బేసి సంఖ్యలు ప్రయోగాలకు, వాటిని దుకాణంలో పెట్టకండి.

ఏ విడుదల మీ చేతికి వస్తుందో మీ లినక్స్ నిర్ణయిస్తుంది. ఉబుంటు 22.04లో 4.6, ఉబుంటు 24.04లో 4.14, డెబియన్ 12లో 4.8, డెబియన్ 13లో 4.18 ఉంటాయి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం తిప్పలు తప్పుతాయి. కాలేజీ ల్యాబులో 24.04 మీద రాసిన ప్రోగ్రాం దుకాణంలోని 22.04 మీద తెరుచుకోకపోవడానికి మామూలు కారణం 4.10 తర్వాత వచ్చిన క్లాసులు అక్కడ లేకపోవడమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 4.14ను నేలగా పెట్టుకుని, అంతకన్నా పాత లినక్స్ ఉన్న మిషన్లను ముందే మార్చుకోవడం మంచిది.

తెలుగు అక్షరం

జీటీకేకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. అక్షరాలను పేర్చే పని పాంగో, హార్ఫ్‌బజ్ అనే రెండు లైబ్రరీలు చూసుకుంటాయి. లక్ష్మి, వెంకటేశ్వర్లు, కృష్ణయ్య, జ్యోత్స్న లాంటి పేర్లలో వత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ పడతాయి. దీని కోసం మీరు ఒక్క లైను రాయక్కర్లేదు. కర్సర్ వత్తు మధ్యలో ఆగదు, అక్షరం అక్షరంగా దూకుతుంది. బ్యాక్‌స్పేస్ కొడితే మాత్రం అక్షరం మొత్తం పోదు, చివర టైపు చేసిన గుర్తు ఒక్కటే పోతుంది. తప్పుగా పడిన గుణింతం దిద్దుకోవడానికి ఇదే కావాలి.

అయినా మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

పట్టికలో ఒక వరసలో తెలుగు పేరు, ఇంకో వరసలో ఇంగ్లీషు పేరు ఉంటే వరసల ఎత్తు మారిపోతుంది. తెలుగు ఫాంటు పైన గుడికి, కింద వత్తుకు చోటు అడుగుతుంది, ఇంగ్లీషు ఫాంటు అడగదు. పాంగో ప్రతి ముక్కకూ ఆ ఫాంటు కొలతే తీసుకుంటుంది. స్క్రోల్ చేస్తుంటే తెర ఎగుడుదిగుడుగా గెంతినట్టు ఉండేది ఇందుకే. 4.6 నుంచి సీఎస్ఎస్‌లో లైన్ హైట్ పనిచేస్తుంది. పట్టిక మొత్తానికీ ఒకే లైన్ హైట్ పెట్టి, ఫాంటు వరుసలో నోటో సాన్స్ తెలుగును ముందుంచితే వరసలు సమానంగా నిలుస్తాయి. ఎత్తును పిక్సెళ్లలో బిగించకండి, కింది వత్తు తెగుతుంది. స్త్రీ, రాష్ట్ర లాంటి రెండు వత్తుల మాటలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది.

రెండోది మసక. జీటీకే 4 ఎల్‌సీడీ రంగుల చుక్కలతో అక్షరపు అంచును నునుపు చేసే పద్ధతిని వదిలేసింది, బూడిద ఛాయలతోనే గీస్తుంది. పెద్ద రిజల్యూషన్ తెర మీద తేడా తెలియదు. 1366 వెడల్పు మానిటర్ మీద 10 పాయింట్ల తెలుగులో ఒత్తు 'న', ఒత్తు 'త' ఒకటే మరకలా కనపడతాయి. దీనికి 4.16లో ఫాంట్ రెండరింగ్ అనే సెట్టింగ్ వచ్చింది. దాన్ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, హింటింగ్‌ను (అక్షరపు గీతలను పిక్సెళ్ల మీద సరిగ్గా కూర్చోబెట్టడం), దాంతోపాటు 4.6లోనే వచ్చిన హింట్ ఫాంట్ మెట్రిక్స్‌ను ఆన్ చేయండి. మాన్యువల్ చేయకుండా మిగతావి మారిస్తే 4.16 తర్వాత జీటీకే వాటిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'సెట్టింగ్ పనిచేయట్లేదు' అనుకుంటారు. పేర్ల కాలమ్‌కు 12 పాయింట్లకు తగ్గకపోవడం ఇంకా మేలు.

మూడోది వెతకడం. 'ఐ'త్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం పక్కన ఇంకో గుర్తు కలిపి. కంటికి రెండూ ఒకటే. జీటీకేలోని స్ట్రింగ్ ఫిల్టర్ పోల్చే ముందు రెంటినీ ఒక రూపానికి తెస్తుంది కాబట్టి తెర మీద 'సైదులు' దొరుకుతాడు. అదే పేరును ఎస్‌క్యూలైట్ డేటాబేసులో అడిగితే దొరకడు, ఎందుకంటే అది బైట్లనే పోలుస్తుంది. డేటా లోపలికి పోయేటప్పుడే ఎన్ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చి దాచుకోవాలి. 'రామ్‌రెడ్డి'లో 'మ్' పక్కన కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను మాత్రం ఈ మార్పిడి ఏదీ తీసేయదు. వెతకడానికి విడిగా ఒక కాలమ్ పెట్టుకుని, అందులో ఆ గుర్తు లేని రూపం దాచడం ఒక్కటే మార్గం.

పాత దుకాణాల్లో అను స్క్రిప్ట్‌లో టైపు చేసిన పేర్ల పట్టికలు ఉంటాయి. అవి యూనికోడ్ కావు. జీటీకేలో అతికిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి. అది టూల్‌కిట్ తప్పు కాదు, ముందు మార్పిడి చేసుకోవాలి.

ట్రీవ్యూ పోయి కాలమ్‌వ్యూ

4.10 విడుదలలో పాత పట్టిక ట్రీవ్యూ, దాని వెంట వాడే లిస్ట్‌స్టోర్, సెల్ రెండరర్లు, కాంబోబాక్స్ అన్నిటినీ కాలం చెల్లిన జాబితాలో వేశారు. జీటీకే 4 ఉన్నంతకాలం అవి నడుస్తాయి, 5లో ఉండవు. పాత ప్రోగ్రాంను ఇవాళే విప్పాల్సిన తొందర లేదు. కొత్తది మాత్రం ట్రీవ్యూతో మొదలుపెట్టకండి.

దాని స్థానంలోని కొత్త పట్టిక కాలమ్‌వ్యూ ఆలోచన వేరు. డేటా ఒక మోడల్‌లో ఉంటుంది. తెర మీద కనపడే వరసలకు, ఇంకొన్నిటికి మాత్రమే విడ్జెట్లు (తెర మీది గడులు, పెట్టెలు) తయారవుతాయి, జాబితా పొడవు ఎంతైనా ఆ లెక్క సుమారు 200 దాటదు. స్క్రోల్ చేస్తే అవే విడ్జెట్లు కొత్త వరసలకు తిరిగి వాడతారు. ప్రతి కాలమ్‌కూ గడులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉంటుంది, దానికి నాలుగు సంకేతాలు (సిగ్నళ్లు): సెటప్‌లో విడ్జెట్ తయారవుతుంది, బైండ్‌లో డేటా అతుక్కుంటుంది, అన్‌బైండ్‌లో విడిపోతుంది, టేర్‌డౌన్‌లో విడ్జెట్ పోతుంది.

ఈ తిరిగి వాడే పద్ధతిలోనే తక్‌పట్టీ ప్రోగ్రాంకు అతి ప్రమాదకరమైన తప్పు దాగి ఉంది. బస్తాల గడిలో అంకె మారినప్పుడు డేటా మారాలని బైండ్‌లో సిగ్నల్ తగిలిస్తారు. అన్‌బైండ్‌లో దాన్ని తీసేయడం మరిచిపోతారు. పది వరసలతో పరీక్షిస్తే ఏ తేడా కనపడదు. సీజనులో నాలుగొందల వరసలు పడి, స్క్రోల్ చేసి, ఒక గడిలో 42 అని కొడితే, ఆ విడ్జెట్‌ను అంతకుముందు వాడుకున్న ఇంకో రైతు వరసలో కూడా 42 పడుతుంది. తెర మీద ఆ వరస కనపడకపోవచ్చు, డబ్బు లెక్క మాత్రం మారిపోతుంది. కాబట్టి బైండ్‌లో తగిలించిన ప్రతి సిగ్నల్ ఐడీని దాచుకుని అన్‌బైండ్‌లో తీసేయాలి. లేదంటే సిగ్నల్‌ను సెటప్‌లో ఒక్కసారే తగిలించి, ఆ క్షణంలో లిస్ట్ ఐటెమ్ దగ్గర ఉన్న వస్తువు ఏదో అడిగి దానిలోనే రాయాలి. రెండో పద్ధతే భద్రం. పరీక్షకు కనీసం వెయ్యి వరసల దొంగ డేటా పెట్టి, కింద దాకా స్క్రోల్ చేసి, పైకొచ్చి, ఒక గడి మార్చి, మోడల్ మొత్తం కూడి చూడండి. ఈ పరీక్ష చేయని ప్రోగ్రాంను యార్డులో పెట్టకూడదు.

వేగం సంగతి. పైథాన్‌లో రాసేవాళ్లు వరసలు పేర్చడానికి సొంత పోలిక ఫంక్షన్ ఇస్తారు. 50,000 వరసలను పేర్చాలంటే పోలికలు దాదాపు 7.8 లక్షలు, ప్రతిసారీ జీటీకే రాసిన సీ భాష నుంచి పైథాన్‌కు వచ్చిపోవాలి. తెర బిగుసుకుపోతుంది. దాని బదులు స్ట్రింగ్ సార్టర్‌కు ప్రాపర్టీ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే, ప్రతి వరసకు తాళంచెవి లాంటి కీ ఒక్కసారి తయారు చేసుకుని మిగతా పోలికలన్నీ సీలోనే చేసుకుంటుంది. తెలుగు వరుసక్రమం కోసం సిస్టమ్ లొకేల్ తెలుగు ఇండియాగా ఉండాలి. అసలు 50,000 వరసలు ఒకేసారి ఎక్కించాల్సిన పనే ఉండదనేది వేరే మాట. ఇవాళ్టి పట్టీలు ఎక్కించి, పాతవి తేదీ అడిగి తెచ్చుకుంటే చాలు.

కీబోర్డు విషయంలో 4.12 పెద్ద ఊరట. ట్యాబ్ కొడితే వరస మారాలా, గడి మారాలా అన్నది చెప్పే ట్యాబ్ బిహేవియర్ అప్పుడే వచ్చింది. కావలసిన వరసకు దూకే స్క్రోల్ టూ కూడా అప్పుడే. దీనికి ముందు జాబితా చివర కొత్త వరస చేర్చి అక్కడికి తెరను జరపడానికి నానా తంటాలు పడేవాళ్లు. ఒకటి మాత్రం పోయింది: ట్రీవ్యూలో అక్షరం కొట్టగానే ఆ పేరుకు దూకే సౌకర్యం కాలమ్‌వ్యూలో లేదు. వెతికే పెట్టె, ఫిల్టర్ మోడల్ మీరే పెట్టుకోవాలి.

చోటు తక్కువ తెరలకు ఒక చిట్కా: కాలమ్‌వ్యూకు డేటా టేబుల్ అనే స్టైల్ క్లాసు తగిలిస్తే గడుల మధ్య ఖాళీ తగ్గి, ఎక్కువ వరసలు పడతాయి. లిబ్‌అద్వైత అనే గ్నోమ్ అదనపు లైబ్రరీ వాడితే బొత్తాలు, అంచులు అన్నీ వెడల్పు అవుతాయి. ఫోనులా ఉండే ప్రోగ్రాంకు అది అందమే. పట్టీలు రాసే తెరకు వద్దు, వట్టి జీటీకే చాలు.

అడిగి ఆగే డైలాగులు లేవు

జీటీకే 3లో 'ఈ పట్టీ రద్దు చేయాలా?' అని అడిగి, జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగేది. జీటీకే 4లో ఆ పద్ధతి లేదు. 4.10లో వచ్చిన అలర్ట్ డైలాగ్, ఫైల్ డైలాగ్ రెండూ అడిగి వెంటనే ముందుకు పోతాయి, జవాబు తర్వాత కాల్‌బ్యాక్‌లో, అంటే జవాబు వచ్చాక నడిచే ఫంక్షన్‌లో, వస్తుంది. పాత కోడును లైను లైనుగా మార్చేవాళ్లు అచ్చు వేసే ఆదేశాన్ని ప్రశ్న కిందే వదిలేస్తారు. ఆపరేటర్ 'కాదు' అనేలోపే పట్టీ అచ్చయిపోతుంది. ఆ ఆదేశాన్ని కాల్‌బ్యాక్ లోపలికి తీసుకుపోవాలి. పైథాన్‌ను జీటీకేతో కలిపే పైజీఆబ్జెక్ట్ 3.50 నుంచి పైథాన్ అసింక్‌ఐఓను జీటీకే లూపుతో కలిపి నడపొచ్చు, కొత్త కోడు శుభ్రంగా వస్తుంది.

తెర డిజైన్‌కు వాడే పాత టూల్ గ్లేడ్ జీటీకే 4లో పనికిరాదు. దాని స్థానంలో కంబలాచే, లేదా అక్షరాల్లో రాసే బ్లూప్రింట్ ఉన్నాయి. పాత యూఐ ఫైళ్లను జీటీకే 4 బిల్డర్ టూల్‌లోని సింప్లిఫై ఆదేశానికి 3 నుంచి 4కు అనే ఆప్షన్ ఇచ్చి మార్చుకోవచ్చు. మామూలు పెట్టెలు, లేబుళ్లు మారతాయి, మెనూలు, టూల్‌బార్లు చేత్తో తిరిగి రాయాల్సిందే.

పాత మిషన్ల మీద గీసే తీరు

4.14లో తెర గీసే ఇంజన్లు తిరగరాశారు. 4.16 నుంచి వేల్యాండ్ (లినక్స్‌లో తెర నడిపే కొత్త పద్ధతి) మీద వల్కన్ అనే గ్రాఫిక్స్ ఇంజన్ ముందుకొచ్చింది. కొత్త మిషన్ల మీద, 125 శాతం స్కేలింగ్ పెట్టుకున్నవాళ్లకు అక్షరం గీత తేరుకుంది. ఇంటెల్ జీ41 కాలపు బోర్డులు ఓపెన్‌జీఎల్ 2.1 దగ్గరే ఆగిపోతాయి. అక్కడ జీటీకే చివరికి కైరో మీద, అంటే ప్రాసెసర్‌తోనే గీస్తుంది. పట్టికలకు అది సరిపోతుంది. ఇబ్బంది అటూఇటూ కాని చిప్‌లతో: ఇంజన్ మొదలవుతుంది గానీ విండో నల్లగా వస్తుంది, లేదా అక్షరాలు చెదురుతాయి. అప్పుడు జీఎస్‌కే రెండరర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కైరో అని పెట్టి నడిపి చూడండి. తేడా పోతే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. ఆ వేరియబుల్‌ను డెస్క్‌టాప్ ఐకాన్ ఫైల్లోనే రాసేస్తే రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రస్తుతం ఏ ఇంజన్ నడుస్తోందో తెలియాలంటే కంట్రోల్, షిఫ్ట్, డీ కలిపి నొక్కి ఇన్‌స్పెక్టర్ తెరిస్తే అందులో ఉంటుంది.

4.18లో ఎక్స్11ను, అంటే వేల్యాండ్‌కు ముందున్న పాత పద్ధతిని, కాలం చెల్లినదిగా ప్రకటించారు. లినక్స్ మింట్ వాడే దుకాణాలవాళ్లు దీనికి కంగారు పడక్కర్లేదు. జీటీకే 4 ఉన్నంతకాలం ఎక్స్11 మీద నడుస్తుంది, తీసేసేది 5లోనే. ఇప్పటికిప్పుడు మార్చాల్సింది ఏమీ లేదు.

ఎక్స్11 మీద అసలు ఇబ్బంది తెలుగు టైపింగ్. మిగతా అన్నిట్లో తెలుగు పడుతుంది, జీటీకే 4 ప్రోగ్రాంలో మాత్రం ఇంగ్లీషే పడుతుంది. పాత జీటీకేలో వెనక దారిగా ఉన్న ఎక్స్ఐఎం అనే టైపింగ్ మద్దతును 4లో తీసేశారు. భాషల టైపింగ్ చూసే ఐబస్‌కు జీటీకే 4 కోసం విడి మాడ్యూల్ కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో దాని పేరు ఐబస్ జీటీకే4. దాన్ని, తెలుగు కీబోర్డులు ఉండే ఐబస్ ఎం17ఎన్‌ను పెట్టి, లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ గానీ పనిచేస్తుంది. ప్రోగ్రాంను యాప్‌ఇమేజ్‌గా కట్టి ఇస్తే ఆ మాడ్యూల్‌ను అందులో చేర్చడం మరవకండి. ఫ్లాట్‌ప్యాక్ అయితే గ్నోమ్ రన్‌టైమ్‌లోనే అది ఉంటుంది, కానీ మొదటిసారి దించుకునే బరువు వందల ఎంబీలు. ఊళ్లో నెట్ నెమ్మదైతే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవడమే మేలు.

అచ్చు

జీటీకేలో అచ్చు చూసే ప్రింట్ ఆపరేషన్, పాంగో, కైరో కలిపి లేజర్ ప్రింటర్ మీద ఇచ్చే తెలుగు చాలా బాగుంటుంది. కష్టం యార్డుల్లో ఉండే ప్రింటర్లతో. డాట్ మ్యాట్రిక్స్‌లో తెలుగు అక్షరాలు లోపల ఉండవు, బొమ్మగానే పోవాలి. 9 పిన్నుల తల ఒకసారి పోతే నిలువున అంగుళానికి 72 చుక్కలే పడతాయి, అంటే 12 పాయింట్ల అక్షరానికి 12 చుక్కలు. అందులో గుడి, అక్షరం, వత్తు ఇమడవు. ఎక్కువసార్లు పోయేలా డ్రైవర్లో రిజల్యూషన్ పెంచితే చదవగలం గానీ పట్టీకి పట్టే సమయం పెరుగుతుంది. కార్బన్ కాపీ తప్పనిసరైతే పేరు, ఊరు, సరుకు మాత్రమే తెలుగులో బొమ్మగా పంపి, అంకెలను ప్రింటర్ సొంత అక్షరాల్లో పంపడం నడిచే దారి.

80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్ ఇంకా సులువు. 203 డీపీఐ, అచ్చు వెడల్పు 72 మిల్లీమీటర్లు, అంటే అడ్డంగా 576 చుక్కలు. కైరోలో 576 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ తీసుకుని, పాంగోతో రాసి, నలుపు తెలుపుగా విడగొట్టి నేరుగా పంపితే డ్రైవర్ మార్జిన్ల గొడవ ఉండదు. ఇక్కడ 10 పాయింట్లంటే 28 చుక్కలు. అంతకు దిగితే వత్తులు పూడిపోతాయి. బూడిద ఛాయలు వదిలేసి, యాంటీఏలియాసింగ్ ఆపి గీస్తే గీతలు తేటగా వస్తాయి. ఫాంటు కాస్త లావుగా, మీడియం మందంతో ఎంచుకోండి. థర్మల్ కాగితం ఎండకు వెలుస్తుంది కాబట్టి రైతు దాచుకునే కాపీ ఏ ప్రింటర్ మీద వేయాలో దుకాణం వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

విండోస్ మీద

ఇక్కడ నా మాట జంకుతూనే చెప్పాలి. విండోస్‌కు ఇలాంటి లైబ్రరీలు ఇచ్చే ఎంసిస్2 నుంచి జీటీకే 4 తెచ్చుకుని కట్టడం కుదురుతుంది. అయితే డీఎల్ఎల్‌లు, పైథాన్‌కు జీటీకేను పరిచయం చేసే టైప్‌లిబ్ ఫైళ్లు, సెట్టింగుల వివరం ఉండే జీసెట్టింగ్స్ స్కీమాలు, ఐకాన్లు, అన్నీ వెంట పోవాలి. ఎక్కువగా మరిచేది కంపైల్ చేసిన స్కీమా ఫైలు. అది లేకపోతే ఫైల్ డైలాగ్ తెరవగానే ప్రోగ్రాం చెప్పకుండా మూసుకుపోతుంది. టైప్‌లిబ్ తప్పితే అసలు మొదలే కాదు. పరీక్షను ఎంసిస్2 లేని మిషన్ మీద చేయండి, మీ మిషన్ మీద అన్నీ దొరుకుతాయి కాబట్టి తప్పు కనపడదు. విండోస్ 7కు ఎంసిస్2 మద్దతు ఆపేసింది, ఆ మిషన్లకు జీటీకే 4 ఆలోచనే వద్దు. ఫాంటు విషయంలో విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐని నమ్ముకోకుండా నోటోను ప్రోగ్రాంతోనే ఇవ్వండి, లేకపోతే లినక్స్‌లో కుదిరిన వరసల ఎత్తు ఇక్కడ మారుతుంది.

చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లకు విండోస్ మీద జీటీకే 4 ఇన్నాళ్లూ మూగగా ఉండేది. 4.18లో యాక్సెస్‌కిట్ చేర్చడంతో దారి తెరుచుకుంది. మీరు వాడే బిల్డులో అది చేర్చి ఉండాలి. ఇది ఆలస్యంగా జరిగిన మంచి పని. సర్కారు ఆఫీసుకు ప్రోగ్రాం ఇవ్వాలనుకునేవాళ్లు దీన్ని ముందే పరీక్షించాలి.

లైసెన్సు ఎల్‌జీపీఎల్ 2.1. జీటీకేను విడి లైబ్రరీగా కలిపితే మీ కోడు మూసి ఉంచి కూడా అమ్ముకోవచ్చు. జీటీకేకు పైసా కట్టనక్కర్లేదు. ఇలాంటిదే ఇంకో టూల్‌కిట్ క్యూటీతో పైథాన్‌లో పోల్చితే ఇక్కడ ఒక చిక్కు తక్కువ: పైక్యూటీ జీపీఎల్ లేదా డబ్బు కట్టే లైసెన్సు, దాన్ని తప్పించుకోవాలంటే క్యూటీకే ఉన్న ఇంకో పైథాన్ లైబ్రరీ పైసైడ్ వైపు పోవాలి. విండోస్ మిషన్లే ఎక్కువున్న దుకాణాల గొలుసుకు మాత్రం నేను పైసైడ్‌నే ముందు చూడమంటాను, ప్యాకింగ్ సాఫీగా, తప్పుల్లేకుండా పోతుంది.

లినక్స్ మిషన్లున్న యార్డుకు, తెలుగు పేర్ల పట్టికే ప్రాణమైన ప్రోగ్రాంకు జీటీకే 4.14 లేదా ఆపైది తీసుకోండి. జీటీకే 3లో నిక్షేపంగా నడుస్తున్న ప్రోగ్రాం ఉంటే ఈ వానాకాలం వడ్ల సీజన్ అయ్యేదాకా ముట్టకండి. మార్చాలనుకుంటే ముందు డైలాగులను కాల్‌బ్యాక్‌ల్లోకి తెచ్చి, ట్రీవ్యూను అలాగే ఉంచి 4కు దాటించి, పట్టీల లెక్క పాతదానితో సరిపోయాక ఒక్కో పట్టికను కాలమ్‌వ్యూకు మార్చుకోండి.